సదరన్ ఆఫ్రికా ఊళ్ళలో తిరుగుతూ అక్కడి జీవితం దగ్గర్నుంచి చూడాలంటే: గాబొరోనే నుంచి లివింగ్‌స్టన్ దాకా స్టెప్ బై స్టెప్

మనవాళ్ళు ఆఫ్రికా టూర్ అనగానే సఫారీ ప్యాకేజీ తీసుకుంటారు, తెల్లవారుజామున జీపెక్కి సింహాన్ని చూసి, మధ్యాహ్నం లాడ్జ్‌లో భోంచేసి, మర్నాడు చిన్న ఫ్లైట్‌లో ఇంకో లాడ్జ్‌కి వెళ్ళిపోతారు. జంతువుల్ని చూడాల్సిందే, అందులో తప్పేం లేదు. కానీ ఆ రెండు లాడ్జ్‌ల మధ్య బోలెడన్ని ఊళ్ళు ఉన్నాయి, బస్టాండ్ పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ, చెట్టు కింద కుర్చీ వేసుకుని జుట్టు అల్లే అమ్మాయి, స్కూల్ యూనిఫామ్‌లో గుంపుగా నడిచెళ్ళే పిల్లలు, ఇవన్నీ కారు అద్దంలోంచి వెనక్కి పోతాయి. నేను ఈ రూట్లో రెండుసార్లు బస్సుల్లోనే తిరిగాను. మొదటిసారి 12 రోజుల్లో 7 ఊళ్ళు చుట్టేశాను, ఇంటికొచ్చాక ఏ ఊరి గురించీ గట్టిగా నాలుగు మాటలు చెప్పలేకపోయాను. రెండోసారి ఊళ్ళు తగ్గించి రోజులు పెంచాను, ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాను, అప్పుడే మనుషులు కనబడ్డారు. ఈ గైడ్ అంతా ఆ రెండో పద్ధతి గురించే.

1. రూట్ చిన్నది పెట్టుకోండి

జోహన్నెస్‌బర్గ్‌లో దిగి, అక్కడ్నుంచి బస్సులో బోట్స్వానా రాజధాని గాబొరోనే (సుమారు 360 కిలోమీటర్లు), అక్కడ్నుంచి ఫ్రాన్సిస్‌టౌన్ (ఇంకో 430), తర్వాత బోర్డర్ దాటి జింబాబ్వేలోని బులవాయో (200 లోపే), చివర్లో విక్టోరియా ఫాల్స్ (440 దాకా), ఆ పక్కనే వంతెన దాటితే జాంబియాలోని లివింగ్‌స్టన్. 15 రోజులుంటే గాబొరోనేకి 4, ఫ్రాన్సిస్‌టౌన్‌కి 1, బులవాయోకి 5, ఫాల్స్ రెండు వైపులా కలిపి 4, మిగిలింది ప్రయాణానికి. బులవాయోకి ఎందుకన్ని అంటారేమో, ఈ రూట్ మొత్తంలో నడిచి చూడదగ్గ ఊరు అదే, అందుకే.

జూన్ నుంచి ఆగస్ట్ దాకా అక్కడ చలికాలం, వానలుండవు, పగలు ఎండ హాయిగా ఉంటుంది కానీ తెల్లవారుజామున బస్టాండ్‌లో చేతులు కొంకర్లు పోతాయి, స్వెటర్ తప్పనిసరి. ఆఫ్రికా అంటే ఎప్పుడూ వేడే అనుకుని పల్చటి టీషర్టులతో వెళ్ళకండి. అక్టోబర్‌లో ఎండ మండిపోతుంది, కాకపోతే బులవాయో వీధుల్లో జకరండా చెట్లన్నీ ఊదా రంగు పూలతో నిండిపోయేది కూడా అప్పుడే. వానలు నవంబర్ నుంచి మార్చి దాకా.

2. కాగితాలు, టీకాలు

దీని మీద ఎక్కువ రాయను, వీసా రూల్స్ మారుతుంటాయి కాబట్టి నాలుగు దేశాలవీ ఎంబసీ సైట్లలో చూసుకుని కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, వెళ్ళేదీ తిరిగొచ్చేదీ జోహన్నెస్‌బర్గ్ మీదుగానే అయితే సౌతాఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అడగాలి, సింగిల్ ఎంట్రీ తీసుకుని బోట్స్వానాలోకి దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. పాస్‌పోర్ట్‌లో ఖాళీ పేజీలు ఎక్కువ ఉంచుకోండి, ఈ రూట్లో ప్రతి బోర్డర్‌లోనూ రెండేసి స్టాంపులు పడతాయి.

ఆడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్ళే ఫ్లైట్లు చవగ్గా దొరుకుతాయి, అలా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్ వాళ్ళకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లోనూ అడుగుతారు, ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి కార్డు లేకుండా వస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. ఫాల్స్, లివింగ్‌స్టన్ వైపు మలేరియా ఉంటుంది, బయల్దేరే ముందే డాక్టర్‌ని కలిసి మాత్రలు రాయించుకోండి.

3. డబ్బులు, ప్లగ్గులు

బోట్స్వానా డబ్బు పేరు పూలా, ఆ మాటకి వాన అని అర్థం. ఎడారి పక్కన బతికే జనం డబ్బుకి వాన పేరు పెట్టుకున్నారు, మీటింగుల్లో జై కొట్టినట్టు అందరూ కలిసి "పూలా!" అని అరుస్తారు కూడా, అనంతపురం వైపు వాళ్ళకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సౌతాఫ్రికాలో రాండ్, జాంబియాలో క్వాచా, అంటే తెల్లవారడం. జింబాబ్వేలో 2024 ఏప్రిల్‌లో జిగ్ అనే కొత్త కరెన్సీ తెచ్చారు కానీ వీధిలో నడిచేది ఎక్కువగా అమెరికన్ డాలరే. అక్కడ చిల్లర పెద్ద సమస్య, 20 డాలర్ల నోటిచ్చి రెండు టమాటాలు అడిగితే అమ్మేవాళ్ళు ఇబ్బంది పడతారు, చిల్లర లేక బదులుగా బిస్కెట్లో పెన్నో చేతిలో పెడతారు. అందుకే ఇండియా నుంచే 1, 5 డాలర్ల నోట్లు కట్టగా పట్టుకెళ్ళండి, చిరిగినవి వద్దు.

సౌతాఫ్రికాలో ప్లగ్గు మన ఏసీకి వాడే పెద్ద మూడు పిన్నులది, జింబాబ్వే, జాంబియాల్లో చదరపు పిన్నుల ఇంగ్లాండ్ ప్లగ్గు. రెండూ కావాలి. జింబాబ్వే, జాంబియాల్లో కరెంట్ కోతలు ఎక్కువ కాబట్టి పవర్ బ్యాంక్, చిన్న టార్చ్ కూడా పెట్టుకోండి. జాంబియాలో సిమ్ కొనేటప్పుడు ఎర్ర రంగు ఎయిర్‌టెల్ బూత్ కనబడితే మన వీధిలో ఉన్నట్టే అనిపిస్తుంది, అక్కడ జనం ఆ బూత్‌లలోనే డబ్బులు వేయడం తీయడం అన్నీ ఫోన్ మీద చేసేస్తారు, కాసేపు పక్కన నిలబడి చూడండి.

4. ముందు పలకరింపు, తర్వాతే ప్రశ్న

అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే. మనం హైదరాబాద్‌లో ఎవర్నైనా దారి అడగాలంటే "అన్నా, కోఠి బస్సు ఎక్కడ ఆగుద్ది" అని నేరుగా అడిగేస్తాం, అన్నా అనడమే మర్యాద. అక్కడ అలా కుదరదు. ముందు పలకరించాలి, వాళ్ళు తిరిగి పలకరించాలి, ఎలా ఉన్నారంటే ఎలా ఉన్నారనుకోవాలి, ఆ తర్వాతే పని. పలకరించకుండా ప్రశ్న వేస్తే తిట్టరు, మీరు అడిగింది పక్కన పెట్టి నిదానంగా "హలో, హౌ ఆర్ యూ" అని వాళ్ళే మొదలుపెడతారు, అప్పుడు అర్థం చేసుకోవాలి మనం ఒక మెట్టు వదిలేశామని.

బోట్స్వానాలో మగవాళ్ళని "దుమేలా ర్రా" అని, ఆడవాళ్ళని "దుమేలా మ్మా" అని పలకరించాలి. ఆ "మ్మా" మనకి వెంటనే నోటికొచ్చేస్తుంది, అచ్చం మన అమ్మా లాగే, మర్యాద కూడా అంతే. "ర్రా" దగ్గరే మన చెవికి తేడా కొడుతుంది, మనకి "ఏంట్రా" అంటే చనువో కోపమో, వాళ్ళకి ర్రా అంటే అయ్యా, పెద్దాయన్నీ బ్యాంక్ మేనేజర్నీ కూడా ర్రా అనే పిలవాలి. మొదటి రెండు రోజులు ముసలాయన్ని ర్రా అనడానికి నాకు నోరు రాలేదు, వట్టి దుమేలా అని ఊరుకునేదాన్ని, మా గెస్ట్‌హౌస్ ఆవిడ విని "ర్రా లేకుండా దుమేలా అంటే సగమే పలకరించినట్టు" అని చెప్పింది. థాంక్స్ చెప్పాలంటే "కె అ లెబోహా".

బులవాయోలో ఎక్కువమందిది న్దెబెలె భాష, "సలిబొనాని" అని పలకరించండి, "యెబో" అంటారు, థాంక్స్‌కి "న్గియబొంగ". జింబాబ్వే మిగతా చోట్ల ఎక్కువగా షోనా, అందులో పొద్దున పలకరింపు నాకు చాలా ఇష్టం, బాగా పడుకున్నారా అని అడిగితే "మీరు బాగా పడుకునుంటే నేనూ పడుకున్నట్టే" అని జవాబు. లివింగ్‌స్టన్‌లో టోంగా, లోజి, న్యాంజా అన్నీ వినబడతాయి, "ములి బ్వాంజి" అంటే అందరికీ అర్థమవుతుంది.

ఇంకోటి, డబ్బులిచ్చేటప్పుడు గానీ వస్తువు తీసుకునేటప్పుడు గానీ కుడిచెయ్యి చాపి ఎడమచేత్తో కుడి మోచేతి దగ్గర ముట్టుకోండి. ఎడమచేత్తో ఇవ్వకూడదని మన ఇంట్లోనూ నేర్పుతారు కాబట్టి సగం వచ్చినట్టే, ఆ రెండో చెయ్యి ఒక్కటి కలిపితే చాలు, కూరగాయలమ్మే ఆవిడ మొహం మారిపోవడం మీరే చూస్తారు.

5. బస్ ర్యాంక్‌లో టైమ్ గడపండి

అక్కడ బస్టాండ్‌ని ర్యాంక్ అంటారు. ఒక ఊరు అర్థం కావాలంటే మ్యూజియం కంటే ముందు ర్యాంక్‌కి వెళ్ళాలని నా గట్టి నమ్మకం. గాబొరోనే ర్యాంక్ రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది, తెల్ల కాంబీలు, అంటే షేరింగ్ వ్యాన్లు, వరసగా నిలబడుంటాయి, నీలం నంబర్ ప్లేట్ ఉన్నవి పబ్లిక్ బళ్ళు. టైమ్ టేబుల్ ఉండదు, నిండితే కదులుతుంది, మన షేర్ ఆటో లెక్కే. మీరు ఎక్కినప్పుడు ముగ్గురే ఉంటే అరగంటో గంటో కూర్చోవాలి, ఆ గంటని వేస్ట్ అనుకోకండి, కిటికీ దగ్గరకి ఉడకబెట్టిన గుడ్లు, వేరుశనగలు, ఎయిర్‌టైమ్, సాక్సులు, ఫోన్ ఛార్జర్లు అన్నీ వస్తాయి, ఎవరు ఏం కొంటున్నారో చూస్తే ఆ ఊరి సంసారం తెలుస్తుంది.

జోహన్నెస్‌బర్గ్ మినీబస్ టాక్సీల్లో కండక్టర్ ఉండడు, వెనక సీట్ల వాళ్ళు డబ్బులు ముందుకి అందిస్తారు, చేతులు మారుతూ డ్రైవర్ పక్కన కూర్చున్న వాళ్ళ దగ్గరకి చేరతాయి, వాళ్ళే లెక్కపెట్టి చిల్లర వెనక్కి పంపాలి. కాబట్టి ముందు సీట్లో కూర్చుంటే ఆ పని మీదే, లెక్క కొత్త కాబట్టి మొదట్లో మధ్య వరసలో కూర్చోండి. మాటలు కూడా కొన్ని తెలుసుకోండి, "రోబోట్" అంటే ట్రాఫిక్ సిగ్నల్, "జస్ట్ నౌ వస్తా" అంటే ఇప్పుడే కాదు, ఇంకాసేపయ్యాక అని. బోట్స్వానాలో టాక్సీని "స్పెషల్" అడిగితే షేరింగ్ లేకుండా మీ ఒక్కరికే అని, రేటు చాలా తేడా ఉంటుంది.

గాబొరోనే నుంచి ఫ్రాన్సిస్‌టౌన్ బస్సు పగటిపూటే ఎక్కండి. దారిలో దిబెటే దగ్గర పశువుల జబ్బులు పాకకుండా కట్టిన కంచె ఉంటుంది, బస్సు ఆపి అందర్నీ దింపుతారు, చెప్పులతో మందు నీళ్ళలో అడుగేసి అవతల ఎక్కాలి, పచ్చి మాంసం తీసుకెళ్ళనివ్వరు. చిరాకు పడేవాళ్ళు ఒక్కళ్ళు కూడా కనబడలేదు నాకు, గాలికుంటు వస్తే ఏమవుతుందో పశువులున్న వాళ్ళకి తెలుసు, బోట్స్వానా గొడ్డుమాంసం యూరప్‌కి అమ్మే దేశం, ఆ కంచె మీదే చాలా ఇళ్ళు నడుస్తాయి. మహలాప్యె ఇంకా రాకముందే మకరరేఖ బోర్డు కనబడుతుంది, ఎడమా కుడా అని ముందే డ్రైవర్‌ని అడగండి లేకపోతే క్షణంలో దాటిపోతుంది.

ఫ్రాన్సిస్‌టౌన్ నుంచి బులవాయో బస్సులో సామాను చూడండి, నూనె క్యాన్లు, దుప్పట్లు, బియ్యం, సబ్బులు. రామొక్వెబానా, ప్లమ్‌ట్రీ బోర్డర్‌లో ఆ మూటలన్నీ దింపి చూపించాలి కాబట్టి గంటలు పట్టొచ్చు. సౌతాఫ్రికాలో పనిచేసే బులవాయో వాళ్ళు ఇంటికి సరుకులు పంపడానికి ఒమలయిచా అని ప్రత్యేకంగా మనుషులే ఉన్నారు, బండి వెనక ట్రైలర్ మీద సోఫాలతో సహా కట్టుకుని వస్తారు. గల్ఫ్ నుంచి మనవాళ్ళు అట్టపెట్టెలు కట్టి పంపడం గుర్తొచ్చింది నాకు, ఇంట్లో వాళ్ళు ఎదురుచూడటం కూడా అలాగే ఉంటుంది.

6. ఒక చోటు ఎంచుకుని రోజూ అక్కడే కూర్చోండి

గాబొరోనేలో మెయిన్ మాల్. పేరు మాల్ గానీ ఏసీ బిల్డింగ్ కాదు, రెండు వైపులా షాపులు, మధ్యలో బళ్ళు రాని పొడవాటి నడక దారి, చెట్ల నీడలో చిన్న చిన్న అమ్మకాలు. బోట్స్వానాకి 1966 సెప్టెంబర్ 30న స్వాతంత్ర్యం వచ్చింది, గాబొరోనేని దాదాపు ఖాళీ స్థలంలో రాజధానిగా కట్టుకున్నది ఆ కాలంలోనే, అందుకే పాత కోటలూ గుళ్ళూ వెతక్కండి. త్రీ డిక్‌హోసి స్మారకం చూడండి, 1895లో తమ నేలని సెసిల్ రోడ్స్ బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీ చేతికి ఇవ్వొద్దని అడగడానికి ఇంగ్లాండ్ దాకా వెళ్ళిన ముగ్గురు రాజుల విగ్రహాలవి, ఖామా, సెబెలె, బథోయెన్. ఒకరోజు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మోచుడీకి కాంబీలో వెళ్ళిరండి, గుట్ట మీద చిన్న మ్యూజియం, కింద క్హొట్ల, అంటే మన రచ్చబండ లాంటిది. అక్కడికి వెళ్తే ఆడవాళ్ళు మోకాళ్ళు దాటే లంగాయో డ్రెస్సో వేసుకోవాలి, మగవాళ్ళు టోపీ తీయాలి, నిక్కర్లు వద్దు.

బులవాయోలో నా చోటు సిటీ హాల్ చుట్టుపక్కల, అలిసిపోతే మ్యూజియం పక్కన సెంటెనరీ పార్క్. ఆ వీధుల వెడల్పు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, బోలెడు జతల ఎద్దులు కట్టిన బండి అక్కడే తిరగడానికి అంత వెడల్పు పెట్టారని అందరూ చెప్తారు. మూడో రోజు నుంచి తేడా తెలుస్తుంది. మొదటిరోజు మీరు టూరిస్ట్, రెండో రోజు "మళ్ళీ వచ్చారే" అంటారు, మూడో రోజు పళ్ళమ్మే ఆవిడ తన స్టూల్ జరిపి చోటిస్తుంది.

రోజూ అదే చోట ఉంటే వారం కూడా తెలుస్తుంది. నెలాఖరు జీతాల రోజుల్లో ఏటీఎంల ముందు క్యూలు వీధి చివరి దాకా, సూపర్ మార్కెట్ నుంచి పిండి బస్తాలు నెత్తిన పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. శనివారం బోట్స్వానాలో తెల్లవారుజామునే అంత్యక్రియలు, ఊరంతా కదులుతుంది. ఆదివారం షాపులు చాలా మూతపడతాయి, చొక్కాకి వెండి నక్షత్రం బ్యాడ్జి పెట్టుకున్న జయన్ క్రిస్టియన్ చర్చి వాళ్ళు కనబడతారు, జింబాబ్వేలో తెల్లటి నిలువు అంగీలు వేసుకుని ఊరి బయట చెట్ల కింద చెప్పులు విప్పి ప్రార్థన చేసే గుంపులు కనబడతాయి. దూరం నుంచి చూడండి, పిలిస్తే మాత్రం వెళ్ళండి, చెప్పులు విప్పడం మనకి అలవాటే కదా.

7. తిండి, అసలు దగ్గరయ్యేది ఇక్కడే

మొక్కజొన్న పిండి ముద్ద. సౌతాఫ్రికాలో పాప్, బోట్స్వానాలో ఫలెచె, షోనాలో సద్జా, న్దెబెలెలో ఇసిత్ష్వాలా, జాంబియాలో న్షిమా. చేసే పద్ధతి మన రాయలసీమ సంకటిదే అనుకోండి, ఎసట్లో ముందు పల్చగా జావలా కాసి, తర్వాత పిండి పోస్తూ చెక్క తెడ్డుతో గెలకడం, రాగులకి బదులు తెల్ల మొక్కజొన్న. చాలాచోట్ల ఉప్పు వేయరు. తినేది చేత్తోనే, కుడిచేత్తో చిన్న ముద్ద తీసి అరచేతిలో ఉండ చేసి బొటనవేలితో చిన్న గుంట నొక్కి దాంతో కూర అందుకోవాలి. తినేముందు గిన్నె, చెంబు పట్టుకుని చేతుల మీద నీళ్ళు పోస్తారు. చేత్తో తినడం వచ్చిన అతిథిని చూస్తే వాళ్ళకి ఎంత సంతోషమో, స్పూన్ తేబోయిన ఆవిడ నన్ను చూసి ఆగిపోయి కూతుర్ని పిలిచి చూపించింది.

బోట్స్వానాలో జొన్నపిండి పులియబెట్టి చేసే టింగ్ అడగండి, తెలంగాణ గట్కా, జొన్న అంబలి తిన్న నోటికి ఆ పులుపు వెంటనే పట్టేస్తుంది. సెస్వా అంటే ఉప్పు నీళ్ళలో గంటలకొద్దీ ఉడికించి దంచిన మాంసం, ఎక్కువగా గొడ్డుమాంసమే, తినని వాళ్ళు ముందే అడగండి. వెజిటేరియన్ అని చెప్తే సరిపోదు, చికెన్ పెట్టేస్తారు, "మాంసం వద్దు, చికెన్ వద్దు, చేప వద్దు" అని విడివిడిగా చెప్పాలి. ఆకుకూర మొరోగో, దంచిన మొక్కజొన్న బొబ్బర్లు కలిపి ఉడికించే డిక్‌హోబె, జాంబియాలో వేరుశనగ పొడి వేసి వండే ఇఫిసాషి, గుమ్మడాకు కూర, ఇవి చాలు కడుపు నిండటానికి. ఇఫిసాషి అయితే నేను ఇంట్లో తోటకూరతో ఇప్పటికీ చేస్తాను. పొద్దున్నే ర్యాంక్‌లో మహ్విన్యా అని నూనెలో వేయించిన గుండ్రటి పిండి బోండాలు, టీ. మోపాని చెట్టు మీద పెరిగే పురుగుల్ని ఎండబెట్టి కుప్పలుగా అమ్ముతారు, తినకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, కానీ ముక్కు మూసుకోవడం, ఛీ అని మొహం పెట్టడం మాత్రం చేయకండి, అది వాళ్ళ ఇంటి తిండి.

8. ఫోటోలు, జాగ్రత్తలు

మనిషి ఫోటో తీసేముందు అడగాలి, పిల్లలైతే పెద్దవాళ్ళని అడగాలి. పోలీసులు, మిలటరీ, ప్రెసిడెంట్ ఇల్లు, బోర్డర్ ఆఫీసులు అసలు తీయొద్దు, జింబాబ్వేలో ఇది సీరియస్. నేనైతే మొదటి రెండు రోజులు ఫోన్ బయటికే తీయను, రాత్రి రూమ్‌కి వచ్చి చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాను, ఏం విన్నాను, ఏది ఎంత రేటు, ఎవరు ఎవర్ని ఏమని పిలిచారు.

జోహన్నెస్‌బర్గ్‌లో బస్ ఎక్కే పార్క్ స్టేషన్ దగ్గర సామాను పట్టుకుని నడవకండి, యాప్ క్యాబ్‌లో నేరుగా లోపలికి వెళ్ళండి. చీకటి పడ్డాక ఏ ఊళ్ళోనూ ఒంటరిగా నడక వద్దు. విక్టోరియా ఫాల్స్‌లో కారణం వేరు, రాత్రిపూట ఏనుగులు రోడ్ల మీదకి వస్తాయి. బులవాయోలో నీళ్ళ సరఫరాకి కోతలుంటాయి, గెస్ట్‌హౌస్‌లో బకెట్ నిండా పట్టి ఉంచితే దాన్ని పొదుపుగా వాడండి.

9. వంతెన నడిచి దాటండి

చివరి స్టెప్. ఫాల్స్‌కి వచ్చే టూరిస్టులు ఎక్కువమంది జలపాతం చూసి వెళ్ళిపోతారు, మీరు ఒక పూట చినోటింబాకి కూడా వెళ్ళండి, హోటళ్ళలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు, బజారు అక్కడే. తర్వాత 1905లో కట్టిన ఆ ఇనుప వంతెన మీద నడిచి జాంబియాలోకి దాటండి. పొద్దున్నే వెళ్తే మీ పక్కనే సైకిళ్ళ మీద, నెత్తిన మూటలతో అటూ ఇటూ బేరాలకి వెళ్ళేవాళ్ళు, కింద జాంబెజీ నది, పైన జలపాతం తుంపర, లారీలు ఒక్కొక్కటిగా కదులుతుంటాయి. దాటాక లివింగ్‌స్టన్ ఊరు 10 కిలోమీటర్లు, షేర్ టాక్సీలు ఉంటాయి. ఆ ఊరు 1935 దాకా అప్పటి నార్తర్న్ రొడీషియాకి, అంటే ఇప్పటి జాంబియాకి రాజధాని, మెయిన్ రోడ్డు మీద పాత వరండాల షాపులు ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని గుజరాతీ కుటుంబాలవి. నేరుగా మరంబా మార్కెట్‌కి వెళ్ళండి, ఎండు కపెంటా చేపలు డబ్బాలతో కొలిచి అమ్ముతారు, పక్క వరసలో సలౌలా, అంటే కుప్పలోంచి ఏరుకునే పాత బట్టలు, ఇంకో పక్క చితెంగె గుడ్డలు. రెండు మీటర్ల చితెంగె ఒకటి కొనుక్కోండి, నడుముకి చుట్టుకోవచ్చు, బస్సులో కప్పుకోవచ్చు.

వచ్చేసేటప్పుడు మీకు చోటిచ్చిన వాళ్ళకి చెప్పకుండా రావొద్దు. బోట్స్వానాలో వెళ్ళేవాళ్ళు "సాలా సెంట్లె" అనాలి, బాగా ఉండండి అని, ఉండేవాళ్ళు "త్సమాయా సెంట్లె" అంటారు, బాగా వెళ్ళండి అని. బులవాయోలో సాలా కుహ్లె, హంబా కుహ్లె. బులవాయో పళ్ళావిడకి చివరి రోజు నేను అది చెప్పి, మన ఇళ్ళలో వెళ్తాను అనరు, వెళ్ళొస్తాను అంటారని కూడా చెప్పాను. ఆవిడ నాతో రెండుసార్లు పలికించుకుంది, వెళ్ళొస్తాను, వెళ్ళొస్తాను, తర్వాత నాలుగు నారింజలు సంచిలో వేసి డబ్బులు తీసుకోలేదు.